పుష్కర తీర్థమున ఒక దినము

తీర్థ శబ్దమునకు మొదటి అర్థము రేవు. ఏటిని దాటగోరువాడు ఎచ్చట దిగినచో అడుగు నిలుచునో, ఎచ్చట ఒడ్డు వాలుగ నుండి నీటిలోనికి దారి యిచ్చునో, ఆ చోటు తీర్థము. పుణ్యక్షేత్రములందలి జలములకు పెద్దలు ఈ పేరే యిచ్చిరి. సంసారమును దాటగోరువానికి అవి దిగుటకు అనువైన తావులని వారి భావము. అయితే రేవు దొరకినంత మాత్రమున ఏఱు దాటినట్లు కాదు. ఒడ్డున నిలిచి నీటి అందమును చూచి మరలిపోవువాడు ఆవలి గట్టునకు చేరడు. తీర్థయాత్రకును విహారయాత్రకును గల భేదమంతయు ఇందే యున్నది.

ఈ కాలమున ప్రయాణ సౌకర్యములు పెరిగినవి. పూర్వము నెలల తరబడి కాలినడకను సాగిన యాత్ర నేడు ఒక్క పగటిలో ముగియుచున్నది. ఉదయమున రైలు దిగి, స్నానము చేసి, దేవుని దర్శించి, అంగళ్లలో నాలుగు వస్తువులు కొని, రాత్రికి మరల రైలెక్కువారు ఎందరో కలరు. వారిని తప్పుపట్టుట సులభము. కాని ఉద్యోగములు, కుటుంబ భారములు గల గృహస్థులకు అంతకంటె ఎక్కువ తీరిక దొరకుట అరుదు. కావున విచారింపవలసిన ప్రశ్న మఱియొకటి: ఆ ఒక్క దినమునే తీర్థయాత్రగా చేసికొనుట యెట్లు? భారతదేశమందలి సరోవర తీర్థములలో మిక్కిలి ప్రాచీనమైన పుష్కరమును దృష్టాంతముగ గైకొని ఈ విషయమును పరిశీలింపవచ్చును.

క్షేత్ర స్వరూపము

రాజస్థానమున అజ్మీరు నగరమునకు వాయవ్యముగ సుమారు 11 కిలోమీటర్ల దూరమున పుష్కరము కలదు. రెంటికి నడుమ నాగపర్వతము అడ్డుగోడవలె నిలిచియున్నది. బస్సు ఆ కొండదారిని మెలికలు తిరుగుచు ఎక్కి, కనుమ దాటి ఆవలి లోయలోనికి దిగును. మూడు వైపుల ఆరావళీ పర్వతపు రాతికొండలు, మిగిలిన వైపున థారు ఎడారి ఇసుక తిన్నెలు, నడుమ అర్ధచంద్రాకారమున సరస్సు. దాని చుట్టును 52 స్నానఘట్టములు, వాని వెనుక తెల్లని మేడలు, ఆలయ శిఖరములు.

గోదావరీ కృష్ణా తీరములందు పుట్టి పెరిగినవారికి నీరు నిత్య పరిచితము. అది లేని లోటు వారికి తెలియదు. ఎడారి అంచున, ఎండిన కొండల నడుమ హఠాత్తుగా నీటి తళుకు కనబడినపుడు మాత్రమే, ఋషులు జలమును దేవతగా ఏల స్తుతించిరో అర్థమగును. ఇచ్చట నీరు సహజముగ దొరకు వస్తువు కాదు, అది ప్రసాదము.

పుష్కరమనగా తామర. తామరలు గల కొలను పుష్కరిణి. తిరుమలయందలి స్వామి పుష్కరిణికి ఆ పేరు వచ్చినది ఇందువలననే. ఆంధ్రులకు పుష్కరమనగానే పండ్రెండేండ్ల కొకమాఱు వచ్చు నదీ పర్వము మనసున మెదలును. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినపుడు గోదావరికి, కన్యారాశిలో ప్రవేశించినపుడు కృష్ణకు పుష్కరములు జరుగుట అందఱు ఎఱిగినదే. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు అవి జరిగినవి. నదీ పుష్కరము కాలమును బట్టి వచ్చు తీర్థము. రాజస్థానమందలి పుష్కరము స్థలమును బట్టి ఏర్పడిన తీర్థము. రెంటికిని పేరు ఒకటే యైనను ఈ భేదమును గుర్తింపవలయును.

పద్మపురాణము ఈ క్షేత్రోత్పత్తిని ఇట్లు చెప్పుచున్నది. వజ్రనాభుడను రాక్షసుడు ప్రజలను బాధించుచుండగా బ్రహ్మదేవుడు తన చేతి తామరనే ఆయుధముగ విసరి వానిని సంహరించెను. ఆ తామర రేకులు పడిన మూడు చోట్ల జలము పుట్టెను. అవియే జ్యేష్ఠ, మధ్య, కనిష్ఠ పుష్కరములు. వానికి వరుసగా బ్రహ్మ, విష్ణువు, రుద్రుడు అధిదేవతలు. నేడు యాత్రికులు ప్రధానముగ స్నానమాడునది జ్యేష్ఠ పుష్కరమున. పువ్వుతో రాక్షసుని చంపుట యను ఈ కల్పనలో గంభీరమైన సూచన యున్నది. సృష్టికర్త చేతిలోని ఆయుధము సహితము కోమలమైనదే. అది పడిన చోట రక్తము కాక నీరు పుట్టినది.

ప్రాతఃకాలము: స్నానము

పుష్కరమున దినము సూర్యోదయమునకు ముందే ఆరంభమగును. స్నానఘట్టములకు కొంత దూరముననే పాదరక్షలు విడువవలయును. ఘట్టములందు స్నానము చేయువారి ఛాయాచిత్రములు తీయరాదను నియమము కలదు. ఈ రెండు నియమములును యాత్రికునకు మొదటి పాఠములు. కాలి చెప్పులతోబాటు తొందరను, చేతి యంత్రముతోబాటు ఇతరులకు చూపవలెనను కోరికను గట్టు మీద విడిచి దిగుమని అవి చెప్పుచున్నవి.

వరాహ ఘట్టము, బ్రహ్మ ఘట్టము, గోఘట్టము ఇచ్చట ముఖ్యములు. గోఘట్టమున మహాత్మాగాంధీ చితాభస్మములో కొంత నిమజ్జనము చేయబడుటచే దానికి గాంధీఘట్టమను పేరును కలిగినది. ఏ ఘట్టమున దిగినను పురోహితులు ఎదురు వచ్చి సంకల్పము చెప్పింతురు. దక్షిణ విషయమున మాట ముందుగనే స్పష్టము చేసికొనుట మేలు. ఇచ్చునది శక్తి కొలది ఇచ్చి, ఇచ్చిన పిదప దానిని గూర్చి తలపోయరాదు. నీటిలో నిలిచి బేరమాడువాని మనస్సు అంగడిలో నుండునే కాని తీర్థమున నుండదు.

సంకల్పమనగా పురోహితుడు పలికింపగా తిరిగి పలుకు మాటల వరుస మాత్రమే కాదు. అందు దేశము, కాలము, గోత్రము, నామము, ప్రయోజనము వరుసగా వచ్చును. అనగా ఈ అనంత కాలమున ఈ క్షణమున, ఈ విశాల భూమిపై ఈ చోటున, ఇన్ని కోట్ల జీవులలో ఈ ఒక్కడు, ఇందునిమిత్తము ఈ నీట దిగుచున్నాడని యెఱుకపడుట. ఈ ఎఱుకతో మునిగిన ఒక్క మునుక, ఎఱుక లేని నూఱు మునుకలకంటె మేలు.

సూర్యుడు నాగపర్వతము పైనుండి తొంగిచూచు వేళకు గట్టులన్నిటిని అర్ఘ్యమిచ్చువారు నిండియుందురు. అప్పుడు మెల్లగా వినబడునది గాయత్రీ మంత్రము. ఈ మంత్రమునకు దేవత సవిత, ఛందస్సు గాయత్రి, ద్రష్ట విశ్వామిత్ర మహర్షి. దేవతను బట్టి దానికి సావిత్రి యనియు, ఛందస్సును బట్టి గాయత్రి యనియు పేళ్లు. పుష్కర క్షేత్రమున ఈ రెండు పేళ్లును రెండు దేవాలయములై నిలిచియున్నవి. ఆ ద్రష్ట యైన విశ్వామిత్రుని కథలో ఒక ముఖ్య ఘట్టము ఈ క్షేత్రముననే జరిగినది. ఆ సంగతి ముందు తెలియగలదు.

పూర్వాహ్ణము: బ్రహ్మదేవుని సన్నిధి

స్నానానంతరము యాత్రికులు బ్రహ్మ మందిరమునకు పోవుదురు. మెట్లెక్కి పోగా, ద్వారముపై బ్రహ్మ వాహనమగు హంస, లోపల ఎఱ్ఱని శిఖరము కనబడును. పాలరాతి నేలపై వెండి నాణెములు పొదుగబడియున్నవి. గర్భగుడిలో చతుర్ముఖుడగు బ్రహ్మ, ఆయన ఎడమ ప్రక్క గాయత్రీదేవి.

పురాణ కథ ప్రకారము బ్రహ్మ ఇచ్చట యజ్ఞము తలపెట్టెను. పత్ని లేనిదే యజ్ఞము సాగదు. సావిత్రీదేవి తన తోడి దేవతలు వచ్చువఱకు ఆగెను. ముహూర్తము మించిపోవుచుండెను. అప్పుడు ఇంద్రుడు ఒక గోపకన్యను తీసికొని వచ్చెను. ఆమెయే గాయత్రి. ఆమెతో యజ్ఞము సాగుచుండగా సావిత్రి వచ్చి, కోపించి, బ్రహ్మకు పుష్కరమున తప్ప మఱెచ్చటను పూజ లేకుండునట్లు శపించి, సమీపముననున్న రత్నగిరిపై కూర్చుండెను. నేటికిని ఆమె ఆలయము ఆ కొండ శిఖరమున నున్నది. గాయత్రి ఆలయము మఱియొక కొండపై నున్నది. నడుమ సరస్సు.

ఈ కథను గృహకలహముగ చదువువారు కలరు. కాని తత్త్వదృష్టికి ఇందొక హెచ్చరిక కనబడును. సావిత్రి ఆలస్యము చేసినది దుర్బుద్ధితో కాదు. తోడివారు కూడ రావలెనని, సభ నిండుగ నుండవలెనని. మంచి పనిని సంపూర్ణమైన ఏర్పాట్లతో చేయవలెనని కాచుకొనియుండి, దాని ముహూర్తమును జాఱవిడుచుట మానవులకు మిక్కిలి సహజము. సంతానము స్థిరపడిన తరువాత జపము, ఉద్యోగ విరమణ తరువాత స్వాధ్యాయము, ఇల్లు కట్టిన తరువాత యాత్ర అని వాయిదా వేయుచుండగనే ముహూర్తము దాటును. అట్టి వేళ పశువుల కాచు పిల్లయైనను, సిద్ధముగ నున్నదే యజ్ఞమునకు అర్హురాలైనది.

బ్రహ్మకు లోకమున పుష్కరమొక్కటే ఆలయమను మాట అక్షరాల నిజము కాదు. ఆంధ్రదేశమున గుంటూరు ప్రాంతమందలి చేబ్రోలులో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయము కలదు. అది కోనేటి నడుమ వెలసియుండుట మఱియు విశేషము. అలంపురమందలి నవబ్రహ్మ ఆలయములు మాత్రము పేరున బ్రహ్మాలయములే యైనను అందు పూజలందుకొనువాడు శివుడు. ఎట్లైనను బ్రహ్మకు ఆలయములు మిక్కిలి తక్కువయనుట సత్యము.

దీనికి కారణము ఒక్క శాపమే యని ఊరకుండనక్కరలేదు. మానవుడు దేవుని వద్దకు సాధారణముగ ఏదో కోరి పోవును. ఉన్నదానిని కాపాడుమని విష్ణువును, కష్టమును హరింపుమని శివుని వేడును. సృష్టికర్తను కోరవలసినది ఏమున్నది? ఆయన ఇయ్యవలసినది ముందే యిచ్చివేసినాడు: దేహము, ఇంద్రియములు, బుద్ధి, ఊపిరి, ఈ వెలుగు, ఈ నీరు. కోరుటకు ఏమియు లేని దేవుని ఎదుట చేయదగినది ఒక్కటే, కృతజ్ఞత. ఈ భావముతో నిలిచినవానికి బ్రహ్మ సన్నిధి అపూర్వముగ తోచును. అడుగుట మఱచిన నమస్కారము ఎట్లుండునో అచ్చట తెలియును.

పుష్కర వీథులలో తెలుగు యాత్రికునకు ఆశ్చర్యము కలిగించు దృశ్యము మఱియొకటి కలదు. రాజస్థాన శైలి భవనముల నడుమ దక్షిణాది పద్ధతిని గోపురము లేచియుండును. అది పాత రంగనాథాలయము. స్థానికులు రంగజీ మందిరమందురు. దానిని 19వ శతాబ్దమున హైదరాబాదునందు వర్తకము చేసిన సేఠ్ పూరణ్‌మల్ గనేరీవాల్ కట్టించెను. హైదరాబాదునందలి సీతారాంబాగ్ ఆలయమును ఆయన కట్టించినదే. ఎడారి సీమనుండి దక్కనునకు వచ్చి ధనమార్జించినవాడు, అచ్చటి దేవుని తన సీమకు కొనిపోయెను. తీర్థములు దేశమును ఒక్కటిగ కుట్టిన దారములనుటకు ఇది కన్నులార చూడదగిన నిదర్శనము.

మధ్యాహ్నము: విశ్వామిత్రుని కథ

రెండు జాములు దాటగనే రాతిమెట్లు కాలును. యాత్రికులు భోజనము ముగించి సత్రముల నీడన విశ్రమింతురు. ఈ వేళను నిద్రకును అంగళ్లకును ఇచ్చివేయక, కొంతసేపు రామాయణ శ్రవణమునకు కేటాయించినచో దినమునకు వెన్నెముక ఏర్పడును. ఏలయన వాల్మీకి బాలకాండమున ఈ క్షేత్రమునకు సంబంధించిన కథ కలదు, అదియు మధ్యాహ్న వేళ మొదలైన కథ.

త్రిశంకు వృత్తాంతము తరువాత విశ్వామిత్రుడు దక్షిణ దిక్కును విడిచి, తపస్సునకు అనువైన చోటని పుష్కరమునకు వచ్చెను. ఆ కాలమున అంబరీష మహారాజు యజ్ఞపశువును కోల్పోయి, దానికి బదులుగ ఒక మానవుని వెదకుచు, ఋచీకుని నడిమి కుమారుడగు శునశ్శేపుని లక్ష గోవులిచ్చి కొని తెచ్చుచుండెను. పెద్దవానిని తండ్రి విడువడయ్యెను, చిన్నవానిని తల్లి విడువదయ్యెను. నడిమివాడు తన విలువ తెలిసికొని తానే బయలుదేరెను. రాజు మిట్టమధ్యాహ్నము పుష్కరమున విశ్రమించెను. ఆకలిదప్పులతో వాడిన ఆ బాలుడు తపస్సు చేయుచున్న మేనమామను చూచి పోయి ఆయన ఒడిలో పడెను. తాను బ్రతుకవలయును, రాజు కార్యమును చెడకుండవలయునని వేడెను.

విశ్వామిత్రుని హృదయము కరగినది. ఆయన తన కుమారులను పిలిచి, ఈ బాలునికి బదులుగ మీరు పొండని చెప్పెను. వారు తండ్రిని ఎగతాళి చేసిరి. ఆయనకు కోపము పెల్లుబికెను, కుమారులను శపించెను. పిమ్మట శునశ్శేపునకు రెండు స్తుతులు ఉపదేశించి యాగశాలకు పంపగా, అతడు వానిని పాడి ప్రాణముతో బయటపడెను, యజ్ఞమును పూర్తియయ్యెను. ఐతరేయ బ్రాహ్మణమున ఈ కథ హరిశ్చంద్రుని పేర మఱియొక విధముగ నున్నది. పుష్కర సంబంధము వాల్మీకి చెప్పిన కథలోనిది.

తరువాత విశ్వామిత్రుడు అచ్చటనే వేయేండ్లు తపస్సు చేసెను. బ్రహ్మ వచ్చి ఋషిత్వమిచ్చెను. అంతట మేనక అదే పుష్కరమునకు స్నానమునకు వచ్చెను. పది సంవత్సరములు ఒక పగలు రాత్రివలె గడచిపోయినవి. ఒకనాడు ఆయనకు మెలకువ కలిగెను. తన తపస్సు హరించిపోయినదని సిగ్గుపడెను. కాని ఈమాఱు శపింపలేదు. భయముతో చేతులు జోడించి నిలిచిన మేనకను మంచిమాటలతో పంపివేసి, తాను ఉత్తర దిక్కునకు, కౌశికీ నదీతీరమునకు తపస్సునకై వెడలిపోయెను.

ఈ కథను పుష్కర తీరమున కూర్చుండి విచారించినవానికి ఒక సత్యము స్ఫురించును. దయ కలిగినది ఈ ఒడ్డుననే. క్రోధము రేగినది ఈ ఒడ్డుననే. కామమునకు లొంగినది ఈ ఒడ్డుననే. మేల్కాంచినదియు ఈ ఒడ్డుననే. నీరు ఒక్కటే, క్షేత్రము ఒక్కటే. అచ్చట బ్రహ్మసాక్షాత్కారము పొందిన మహాతపస్వికి సహితము క్షేత్ర మహిమ కావలికాయలేదు. తీర్థమున నున్నంత మాత్రమున మనస్సు శుద్ధమగునని తలచువారికి ఇంతకంటె స్పష్టమైన సమాధానము వేఱొకటి అక్కరలేదు.

అట్లని తీర్థము నిష్ప్రయోజనమా? కాదు. విశ్వామిత్రుని మెలకువను గమనింపవలయును. కుమారులను శపించినపుడు ఆయన దోషమును ఎదుటివారిలో చూచెను. మేనకను పంపినపుడు దోషమును తనలో చూచెను. ఈ రెంటి నడుమ జరిగిన మార్పే తపస్సు ఫలము. పడిపోవుట తపస్సునకు అంతము కాదు. పడినందుకు ఇతరులను నిందించుట మానుటయే దానికి క్రొత్త ఆరంభము. ఈ పడిలేచినవాడే గాయత్రికి ద్రష్ట. ప్రాతఃకాలమున గట్టున నిలిచి బుద్ధిని ప్రేరేపింపుమని సవితను ప్రార్థించువాడు, బుద్ధి చెదరుట యెట్టిదో స్వయముగ అనుభవించి యెఱిగిన మహర్షి దర్శించిన మంత్రమును జపించుచున్నాడు. నిరాశపడినవానికి దీనికి మించిన ఓదార్పు ఏది?

అపరాహ్ణము: సావిత్రి కొండ

ఎండ తగ్గిన పిదప రత్నగిరి ఎక్కవలయును. మెట్లదారి నిటారుగ నుండును. 2016 నుండి తీగమార్గమును నడచుచున్నది. వృద్ధులకు, అశక్తులకు అది గొప్ప మేలు. శక్తిగలవారు మాత్రము నడచి యెక్కుటయే యుక్తము. శ్రమ లేక పొందిన దర్శనము శ్రమ లేకయే మఱపునకు వచ్చును.

పైనుండి చూడగా, ఉదయమున సముద్రమువలె తోచిన సరస్సు అరచేతిలోని ఆచమన జలమంత కనబడును. చుట్టును కొండలు, ఇసుక, నడుమ గులాబీ తోటలు. పుష్కర లోయ గులాబీలకు ప్రసిద్ధము. ఇచ్చటి పూలతో అత్తరును, గుల్కందును చేయుదురు. ఇక్కడినుండి చూచినపుడు మఱియొక విషయము స్పష్టమగును. ఈ సరస్సునకు జీవనది ఆధారము లేదు. సుమారు 22 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతమున, సంవత్సరమున మూడు నెలలు పడు కొద్దిపాటి వాన పాఱి చేరిననే దీనికి బ్రతుకు.

ఆ బ్రతుకు ఒకసారి తెగినంత పని జరిగినది. కొండలపై చెట్లు తఱుగుట, ఇసుక జాఱి కాలువలు పూడుట, బావులు భూగర్భజలమును తోడివేయుట, ఊరి మురుగు సరస్సులో చేరుట ఏండ్ల తరబడి సాగినవి. పూడిక తీయు పనులు చేపట్టబడిన కాలముననే వానలును తక్కువైనవి. 2009 కార్తిక పౌర్ణమి నాటికి జ్యేష్ఠ పుష్కరము దాదాపు ఎండిపోయెను. దేశపు నలుమూలలనుండి వచ్చిన భక్తులు, గట్టుపై కట్టిన తొట్లలో నింపిన గొట్టపు బావి నీట స్నానము చేసి మరలవలసివచ్చెను. బ్రహ్మ విసరిన తామర పడిన చోట బీటలు వారిన మట్టి కనబడినది.

ఈ సంఘటనను ప్రకృతి వైపరీత్యమని చెప్పి విడిచిపెట్టుట తగదు. పాపమును కడుగుకొనుటకు వచ్చినవాడు తన మాలిన్యమును నీటిలో విడిచి పోవుట, తల్లి ఒడిలో తల పెట్టుకొని ఆమె చీరను మాపుట వంటిది. పూలు, ప్రమిదలు, ప్లాస్టిక్ సంచులు, సబ్బు నురుగు, ఇవన్నియు భక్తి పేరనే సరస్సున చేరినవి. తీర్థమును కాపాడుట తీర్థసేవలో భాగము కాదను భావము ఎచ్చటినుండి వచ్చినదో విచారింపవలయును. శాస్త్రములు జలాశయములను మలినపఱచుట దోషమని చెప్పినవి. చెఱువు త్రవ్వించుటను, పూడిక తీయించుటను పూర్తధర్మములలో చేర్చినవి. మన పూర్వులు చెఱువును త్రవ్వినవానికి ఆలయము కట్టినవానితో సమానమైన గౌరవమిచ్చిరి. గట్టున పడియున్న చెత్తను నలుగురు కలిసి ఒక గడియ సేపు ఎత్తివేయుట, ఒక అర్చన కంటె తక్కువ పుణ్యము కాదు.

సావిత్రీదేవి అలిగి కొండపై కూర్చున్నదని కథ. ఆ శిఖరమునుండి ఆమె చూచుచున్నది ఈ నీటినే. యజ్ఞమునకు ముహూర్తము మించినట్లే, నీటిని కాపాడుకొనుటకును ముహూర్తము మించు ప్రమాదమున్నది.

సాయంకాలము: దినపు లెక్క

సూర్యుడు ఇసుక తిన్నెల వెనుక క్రుంగు వేళకు యాత్రికులు మరల ఘట్టములకు చేరుదురు. నగారా మ్రోగును, గంటలు మ్రోగును, హారతి వెలుగు నీటిలో వణకును. కార్తిక శుద్ధ ఏకాదశి మొదలు పౌర్ణమి వఱకు జరుగు మేళాలో ఈ వేళ ఇసుక వేసిన రాలని జనము. ఒంటెలు, గుఱ్ఱములు, వర్తకులు, వినోదములు ఒకవైపు. మౌనముగ దీపము వదలు వృద్ధురాలు మఱియొకవైపు. మేళాకు వచ్చినవారిలో ఎవరు సంతకు వచ్చిరో, ఎవరు తీర్థమునకు వచ్చిరో వేషమును బట్టి చెప్పుట సాధ్యము కాదు. ఒంటెను అమ్ముకొనుటకు వచ్చిన రైతు తెల్లవాఱుజామున భక్తితో మునిగి, సత్యముగ బేరము చేసినచో అతడు యాత్రికుడే.

మహాభారతమున అరణ్యపర్వమందలి తీర్థయాత్రా ప్రకరణము ఈ విషయమున దారి చూపుచున్నది. పులస్త్యుడు భీష్మునకు చెప్పిన తీర్థముల వరుసలో పుష్కరము మొదటిది. కాని ఆ మహర్షి తీర్థముల పేళ్లు చెప్పుటకు ముందు, తీర్థఫలము ఎవనికి దక్కునో చెప్పెను. చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో నున్నవానికి, ఇతరుల సొమ్మునకు ఆశపడక దొరకినదానితో తృప్తి చెందినవానికి, అహంకారము విడిచినవానికి, మితముగ భుజించువానికి, కోపము లేనివానికి, సత్యము పలుకువానికి, సమస్త ప్రాణులను తనవలె చూచువానికి. మఱియొక మాటయు ఆయన చెప్పెను. యజ్ఞములు బహు ద్రవ్యముతో కూడినవి, రాజులకును ధనవంతులకును సాధ్యములు. దరిద్రునకు సహితము సాధ్యమైన యజ్ఞఫలము తీర్థయాత్రలో నున్నది. అనగా తీర్థమునకు కావలసిన వ్యయము ధనముతో చేయునది కాదు, స్వభావముతో చేయునది.

ఈ లక్షణములను గొప్ప ఆదర్శములని దూరముగ నుంచి నమస్కరింపనక్కరలేదు. ఒక్క దినమునకు వానిని వర్తింపజేసికొనవచ్చును. రైలులో చోటు కొఱకు చేయి ముందునకు చాపినపుడు ఆ చేయి అదుపులో నున్నదా? దర్శనపు వరుసలో ముసలివారిని నెట్టుకొని పోయినపుడు ఆ కాళ్లు అదుపులో నున్నవా? పురోహితునితో, బండివానితో మాటాడునపుడు కోపము లేకుండెనా? అన్నము రుచిగ లేదని నాలుక అలిగినదా? ఇంటికి పోయి చెప్పుకొనవలెనను ఉబలాటము లేక ఒక గడియయైనను నీటి యెదుట ఊరక కూర్చుండుట సాధ్యమైనదా? హారతి ముగిసిన పిదప మెట్లపై కూర్చుండి ఈ ప్రశ్నలు తన్ను తాను అడిగికొనువానికి దినము వృథ కాదు. సమాధానములు అనుకూలముగ లేకున్నను వృథ కాదు. తన లోపమును తనలోనే చూచుటకు విశ్వామిత్రునకు వేయేండ్లును, ఆపై పదేండ్లును పట్టినవి.

ఇంటికి మరలునపుడు యాత్రికులు పాత్రలలో తీర్థజలము కొనిపోవుట ఆచారము. దానితోబాటు ఒక నియమమును కొనిపోవుట మఱియు మంచిది. పుష్కరమున విడువదగిన వస్తువును ఏదైన ఒకదానిని నిశ్చయించుకొని విడిచిరావలయును. అది ఇష్టమైన కాయగూర కావచ్చును. అంతకంటె, ఒకరిపై ఏండ్లుగ నిలుపుకొన్న పగ కావచ్చును, ఇంటివారిపై విసుగుకొను అలవాటు కావచ్చును. కాయగూర విడుచుట సులభము, దానిని గూర్చి పదిమందికి చెప్పుకొనుటయు సులభము. పగ విడిచినవాని సంగతి ఆ పగకు గుఱియైనవాడు తప్ప ఎవ్వరు నెఱుగరు. అట్టిదే నిజమైన తీర్థవ్రతము.

పుష్కరమును చూచు అవకాశము అందఱికి దొరకదు. దొరకనివారు చింతింప బనిలేదు. ప్రతి ఊర ఒక చెఱువో, కోనేరో, కాలువయో కలదు. సూర్యోదయమున దాని గట్టున నిలిచి, ఇచ్చినవానికి కృతజ్ఞత తెలిపి, బుద్ధిని నడుపుమని ప్రార్థించి, ఆ నీటిని మాపకుండ కాపాడుకొనువానికి ఆ నీరే పుష్కరము.